సెకండాఫ్ చూసినవా?

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఆఫీసు కాంటీన్లో ఎవరో ఈ ఆట మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ తాము చూసినవాటిలో పరమ చెత్త సినిమా పేరు ఒకటి చెప్పాలి, ఎందుకు చెత్తో రెండు ముక్కల్లో చెప్పాలి. ఎనిమిది మందిమి ఉన్నాం. పది నిమిషాల్లో టేబులంతా అరుపులు, నవ్వులు. నచ్చిన సినిమాల గురించి మాట్లాడుకుంటే ఇంత హుషారు రాదు, ఎప్పుడైనా గమనించారా? నచ్చింది చెప్పాలంటే ఎంతోకొంత మొహమాటం. మన అభిరుచి ఏపాటిదో బయటపడిపోతుంది. తిట్టడానికి ఆ బెంగ లేదు.

వచ్చిన పేర్లలో ఏడు పెద్ద సినిమాలు. పెద్ద హీరో, పేరున్న దర్శకుడు, నెలల తరబడి హడావిడి. అది నాకు వింతగా అనిపించింది. నిజంగా లెక్క తీస్తే అంతకంటే ఘోరమైనవి ఏ శుక్రవారమైనా నాలుగు దొరుకుతాయి. పెదాలకీ మాటకీ పొంతన ఉండదు, సీనుకీ సీనుకీ సంబంధం ఉండదు, హీరో నిర్మాతగారి అబ్బాయి. అవి ఒక్కరి నోటా రాలేదు. వాటినుంచి ఎవరూ ఏమీ ఆశించలేదు కాబట్టి అవి ఎవరికీ బాకీ పడలేదు. మేం ‘చెత్త సినిమా’ అంటున్నది బాకీ ఎగ్గొట్టిన సినిమాని అన్నమాట.

ఎనిమిదో పేరు నాది. అది చిన్న సినిమా, 2011లో వచ్చింది. పేరు ఇక్కడ రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. అప్పట్లో నాకో బ్లాగు ఉండేది. ఆ సినిమా మీద రాసిన రివ్యూకి వచ్చినన్ని హిట్లు నేను రాసిన మరి దేనికీ రాలేదు. కాంటీన్లో అందులోని జోకులు అప్పజెప్పాను. ‘హీరో ఏడుస్తున్నాడో తుమ్ము ఆపుకుంటున్నాడో తెలియక గాబరాపడ్డాను’ లాంటివి. ఏడుగురూ పడీపడీ నవ్వారు.

చేతులు కడుక్కునే దగ్గర పక్కటేబుల్లో కూర్చున్నాయన వచ్చి నిలబడ్డాడు. వేరే ప్రాజెక్టులో టెస్టింగ్ లీడ్. ముఖపరిచయమే.

“తమ్మీ, గా సినిమా సెకండాఫ్ చూసినవా?”

“చూశానన్నా,” అన్నాను.

“మా తమ్ముడు దానికి అసిస్టెంటుగ చేసిండు. నీ బ్లాగు మా ఇంట్ల అందరం చదివినం. నువ్వే రాసినవని ఇయ్యాల తెల్సింది.” గొంతులో కోపమేమీ లేదు. “ఇంటర్వెల్ అయినంక బస్సు సీనొకటి ఉంటది. గది వాడు సొంతంగ రాసుకున్నడు. దాని ముచ్చట నువ్వు ఏడ రాయలే, మంచిగనో చెడ్డగనో. గందుకే అడిగిన.”

నేను చెప్పింది అబద్ధం. ఆ రోజు థియేటర్లో పట్టుమని పదిహేను మంది లేరు. ఇంటర్వెల్లో లేచి బిర్యానీకి వెళ్ళిపోయి, రాత్రి రూముకొచ్చి మొత్తం చూసినట్టే రివ్యూ రాశాను. ‘ఇక క్లైమాక్స్ గురించి చెప్పకపోవడమే మంచిది’ అని కూడా రాశాను. ఆ వాక్యం ఒక్కటీ నిజం.

అప్పట్నుంచీ ఒక ప్రశ్న నన్ను తినేస్తోంది. సినిమా మనకి ఏం బాకీ ఉంటుంది? మనం సినిమాకి ఏమైనా బాకీ ఉంటామా?

బాకీ ఎలా పుడుతుందో చెప్పడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ‘అజ్ఞాతవాసి’. 2018 జనవరి. అప్పుడు నేను డాలస్‌లో ఉన్నాను. ‘జల్సా’, ‘అత్తారింటికి దారేది’ తర్వాత త్రివిక్రమ్, పవన్ కళ్యాణ్ మళ్ళీ కలిశారు. పైగా అది పవన్ కళ్యాణ్ పాతికో సినిమా. ఇండియాలో విడుదలకి ముందు రాత్రే మాకు ప్రీమియర్. టికెట్ పాతిక డాలర్లు. మర్నాడు పొద్దున్నే మీటింగ్ ఉన్నా వెళ్ళాం. తెర మీద చల్లడానికి కుర్రాళ్ళు కాగితం ముక్కలు సంచుల్లో తెచ్చారు. మొదటి అరగంట ఈలలు. తర్వాత హాల్లో ఒకలాంటి నిశ్శబ్దం. చప్పట్లు కొడదామని చేతులు ఎత్తి పెట్టుకున్నవాళ్ళు వాటిని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్న నిశ్శబ్దం అది. ప్రతి డైలాగు దగ్గరా ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూశాం. సగం కాగితం ముక్కలు సంచుల్లోనే మిగిలిపోయాయి. తర్వాత ఫ్రెంచి సినిమా ‘లార్గో వించ్’ తీసిన దర్శకుడు జెరోమ్ సాల్ పారిస్‌లో ఈ సినిమా చూసి, తన సినిమాతో పోలికలున్నాయని ట్విటర్లో రాయడం ఇంకో కథ.

ఆ రాత్రి కార్లో వస్తూ మా మిత్రుడొకడు “మోసం చేశారు” అన్నాడు. ఆ మాట పట్టుకుని చాలాకాలం ఆలోచించాను. ఎవరు చేశారు, ఏ మోసం? టికెట్ కొన్నాం, రెండున్నర గంటల పైన సినిమా చూపించారు. నవ్విస్తామని ఎవరూ సంతకం పెట్టి ఇవ్వలేదు. ఆ ఒప్పందం మనమే రాసుకుని, మనమే సంతకం పెట్టుకుని, అవతలివాడు తప్పాడని కేసు వేస్తున్నాం. నా ఉద్యోగంలో ఇలాంటివాళ్ళు రోజూ తగులుతారు. స్పెక్‌లో లేని ఫీచరు పనిచెయ్యట్లేదని బగ్ రాసే యూజర్లు.

కానీ ఈ వాదన మరీ తేలిక. ప్రీమియర్ టికెట్ మామూలు ఆటకంటే ఎందుకు ఎక్కువ? పై డబ్బు సినిమాకి కాదు, ఆశకి. పోస్టరు దగ్గర్నుంచి ఆడియో ఫంక్షన్ దాకా అమ్మినది ఆ ఆశనే. ఆశని సరుకుగా అమ్మినవాళ్ళు, తర్వాత మీ ఆశలకి మేం బాధ్యులం కాదు అనడం కుదరదు. కాబట్టి మా వాడి కోపంలో న్యాయం ఉంది. ఎంత న్యాయం అంటే, పాతిక డాలర్లలో ఆ పై పదీ పన్నెండు డాలర్ల మేరకి.

అంతకుముందు నాకు తగిలిన దెబ్బ ఇలాంటిది కాదు. 2007లో, ఇంజనీరింగ్ చదివేరోజుల్లో, ‘రామ్ గోపాల్ వర్మ కీ ఆగ్’ చూశాం. మా తరం ఇంజనీరింగ్ కుర్రాళ్ళకి వర్మ ఎవరో చెప్పాలంటే కష్టం. విజయవాడ సిద్ధార్థ కాలేజీలో సివిల్ చదివాడు, హైదరాబాదులో వీడియో షాపు నడిపాడు, ఎవరి దగ్గరా పెద్దగా శిష్యరికం చెయ్యకుండా 1989లో ‘శివ’ తీసి సినిమా తీసే పద్ధతే మార్చేశాడు. మనలాంటివాడే. హాస్టల్లో ‘సత్య’ సీడీ అరిగిపోయేదాకా చూశాం. అలాంటివాడు ‘షోలే’ మళ్ళీ తీస్తున్నాడు, అప్పట్లో జయ్‌గా చేసిన అమితాబే ఇప్పుడు విలన్. వినడానికి ఎంత బాగుంది! తెర మీద చూస్తే, ఠాకూర్ చేతులకి బదులు ఇన్‌స్పెక్టర్ మోహన్‌లాల్ వేళ్ళు పోయాయి, గబ్బర్ బబ్బన్ అయ్యాడు, కెమెరా ఎక్కడెక్కడినుంచో వంకర్లు తిరిగి చూస్తోంది. హాల్లో జనం నవ్వుతున్నారు. మేం నవ్వలేదు. మాకు అవమానంగా అనిపించింది.

ఆ అవమానం ఎక్కడిదో నాకు చాలా ఏళ్ళ తర్వాత పీటర్ స్ట్రాసన్ చెప్పాడు. 1962లో ఆ ఇంగ్లండు తత్వవేత్త మన కోపం గురించి, పగ గురించి ఒక వ్యాసం రాశాడు. ఆయన మాట స్థూలంగా ఇదీ. మన బస్సు భాషలో చెప్తాను. రద్దీలో ఎవరో కాలు తొక్కారు. చూసుకోకుండా తొక్కాడనుకోండి, నొప్పి పుడుతుంది, అంతే. ‘ఆ, వీడి కాలే కదా’ అన్నట్టు తొక్కాడనుకోండి, నొప్పి అంతే అయినా లోపల ఇంకోటి రగులుతుంది. మనం కోప్పడేది దెబ్బ మీద కాదు, దాని వెనకాల ఉన్న లెక్కలేనితనం మీద. చేతగాక చెడగొట్టిన సినిమాకీ, ‘వీళ్ళకి ఇది చాలులే’ అని తీసిన సినిమాకీ తేడా అదే. మొదటిది నొప్పి. రెండోది అవమానం.

ఇది దొరికినప్పుడు చాలా సంతోషించాను. చెత్త సినిమాల్ని కొలవడానికి తూకపురాయి దొరికిందనుకున్నాను. దర్శకుడు మనకి విజయం బాకీ లేడు, శ్రద్ధ బాకీ ఉన్నాడు. బాగానే ఉంది కదా? చిక్కల్లా ఏమిటంటే, లెక్కలేనితనం తెర మీద కనిపించదు. కనిపించేది తప్పు మాత్రమే. దాని వెనక మనసు మనం ఊహించుకున్నదే. ‘షోలే’ అంటే తనకెంత పిచ్చో వర్మ లెక్కలేనన్నిసార్లు చెప్పాడు. ఆ సినిమా నిర్లక్ష్యంలోంచి కాక అతి ప్రేమలోంచి పాడైందేమో. అలాగైతే మేం పడ్డ అవమానం మేం కల్పించుకున్నదే. కోర్టుల పని నయం. 2015లో ఢిల్లీ హైకోర్టు, ఆ సినిమా ‘షోలే’ హక్కుల్ని ఉల్లంఘించిందని తేల్చి 10 లక్షలు కట్టమంది. అక్కడ పాత్రల పేర్లు, సంగీతం, సంభాషణలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మనసుని ఏ పక్కన పెట్టి చూస్తాం?

ఈ రాయి సరైనదే అనుకుంటే మాత్రం ఒక మనిషికి ఘోరమైన అన్యాయం జరిగింది. ఎడ్ వుడ్. ప్రపంచంలోకెల్లా చెత్త సినిమా ఏదంటే చాలామంది టక్కున చెప్పే ‘ప్లాన్ 9 ఫ్రమ్ అవుటర్ స్పేస్’ తీసినవాడు. 1957లో లాస్ ఏంజెలిస్‌లో దాన్ని మొదటిసారి చూపించారు. (అదే ఏడు మనకి ‘మాయాబజార్’ వచ్చింది. లడ్డూలు నోట్లోకి ఎగిరిన ఏడాదే అక్కడ పళ్ళేలు దారం మీద ఊగాయి.) అందులో సమాధిరాళ్ళు మనిషి తగిలితే కదులుతాయి. ఒకే సన్నివేశంలో పగలూ రాత్రీ మారిపోతుంటాయి. ముఖ్యపాత్ర వేయాల్సిన బేలా లుగోసి 1956లోనే చనిపోయాడు. అతని మీద అంతకుముందు తీసిపెట్టుకున్న కొన్ని నిమిషాల ఫిల్ము ఉంది. దాన్ని పారేయలేక, మిగతా సీన్లకి తన భార్యకి వైద్యం చేసే మనిషిని తెచ్చి, ముఖానికి అంగీ అడ్డం పెట్టించాడు. అతను లుగోసి కంటే పొడుగు. డబ్బు పెట్టింది చర్చివాళ్ళు. వాళ్ళ కోసం సినిమా పేరు మార్చాడు, తను బాప్తిస్మం కూడా తీసుకున్నాడు. ఇంత చేసినవాడిని ఇంకేమన్నా అనండి, శ్రద్ధ లేదని మాత్రం అనలేరు. ఈ భూమ్మీద సినిమా తీయడం కోసం అంత తహతహలాడినవాళ్ళు తక్కువ.

1978 డిసెంబరులో, అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయించిన కొద్దిరోజులకే, 54 ఏళ్ళ వయసులో పోయాడు. రెండేళ్ళ తర్వాత మెద్వెద్ సోదరులు ‘గోల్డెన్ టర్కీ అవార్డ్స్’ అని ఒక పుస్తకం వేసి, ప్లాన్ 9కి అన్ని కాలాల్లోకీ చెత్త సినిమా కిరీటం పెట్టారు. అతన్ని చెత్త దర్శకుడన్నారు. అప్పట్నుంచి అర్ధరాత్రి ఆటలు, గుంపులుగా వచ్చి నవ్వుకోవడాలు. 1994లో టిమ్ బర్టన్ అతని మీద సినిమా తీశాడు. అందులో లుగోసిగా చేసిన మార్టిన్ లాండావుకి ఆస్కార్ వచ్చింది. ఎడ్ వుడ్ వీటిలో ఒక్కటీ చూడలేదు.

ఇలా నవ్వడం ఎగతాళి కాదు, ఒక రకం ప్రేమ అంటారు కొందరు. సూజన్ సాంటాగ్ 1964లోనే దాదాపు ఆ మాట అంది. నిజాయితీగా, సీరియస్‌గా తీసి బొక్కబోర్లా పడినదాన్ని చూసి మురిసిపోవడం ఆప్యాయతేనని. ప్లాన్ 9ని నేనూ రెండుసార్లు చూశాను, ఆ ఆప్యాయత అబద్ధం కాదు. బర్టన్ సినిమా నిండా ఉన్నది అదే. కానీ ఆ ప్రేమ నవ్వేవాడికి తెలుస్తుంది. నవ్వించుకున్నవాడికి తెలుస్తుందా? మా టెస్టింగ్ లీడ్ ఇంట్లో నా బ్లాగు చదివిన రోజున, ఇందులో ఎంతో కొంత ఆప్యాయత ఉందిలే అని ఎవరైనా అనుకుని ఉంటారా? నిజం చెప్పాలంటే అందులో లేదు కూడా.

భరతుడి నాట్యశాస్త్రంలో ప్రదర్శన సిద్ధించడం గురించి ఒక అధ్యాయం ఉంది. సిద్ధికి అడ్డొచ్చేవాటిని ఆయన ఘాతాలంటాడు. కొన్ని దైవం వల్ల వస్తాయి. గాలివాన, నిప్పు, ఏనుగు, పాము. కొన్ని నటుల వల్ల. మాట మర్చిపోవడం, పాత్రకి పొసగని అభినయం. కొన్ని ఇతరుల వల్ల. అరవడం, పగలబడి నవ్వడం, మట్టిబెడ్డలూ పేడా విసరడం. ప్రేక్షకుల్లోంచి వచ్చే ఎగతాళిని ఆయన విమర్శ కింద జమకట్టలేదు, గాలివానతో పాటు ఉపద్రవాల జాబితాలో రాశాడు. గుణమే లేని ప్రయోగం, దోషమే లేని ప్రయోగం అంటూ ఉండవు, కాబట్టి దోషాల్ని మరీ అతిగా పట్టుకోవద్దనీ అంటాడు. రెండు వేల ఏళ్ళ కిందట కూడా ఎవరో బిర్యానీకి లేచి వెళ్ళిపోయి వచ్చి తీర్పు చెప్పి ఉంటారు, లేకపోతే ఇంత వివరంగా ఎందుకు రాస్తాడు.

నన్ను నేను వెనకేసుకు రావడానికి ఒక వాదన ఉంది, అదీ చెప్పాలి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా కెలకాలా? ఒక్క మెతుకు చాలదూ? మొదటి సగం అంత ఘోరంగా ఉంటే రెండో సగం కూడా చూడాలని రూలేమీ లేదు. నా డబ్బు, నా కాలం. లేచి వెళ్ళిపోయే హక్కు ప్రేక్షకుడికి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని నేను ఈరోజుకీ వదులుకోను. కానీ సినిమా ఒకే ఎసట్లో ఉడికిన అన్నం కాదు. విస్తరి లాంటిది. పప్పు మాడినా ఆ మూల పులిహోర బాగుండొచ్చు, ఎందుకంటే అది కలిపిన చెయ్యి వేరు. ఒక చెత్త సినిమాలో యాభై అరవై చేతులుంటాయి. ‘సినిమా చెత్త’ అన్న ఒక్క మాటతో అన్నిటినీ ఒకే గంపలో వేసి పారబోస్తాం. లేచి వెళ్ళిపోవడం నా హక్కు. తిన్నానని అబద్ధం చెప్పి వంట మీద తీర్పు రాయడం నా హక్కు కాదు. ఇంకొకరి కోడ్ రివ్యూ చేసేటప్పుడు ఫైలు తెరవకుండా ‘అప్రూవ్డ్’ కొట్టినవాణ్ణి మా టీములో ఎలా చూస్తామో నాకు తెలుసు. తెరవకుండా ‘రిజెక్టెడ్’ కొడితే అది ఇంకా తప్పు.

అంటే స్ట్రాసన్ రాయిని నేను తప్పు తక్కెడలో వేశానన్నమాట. దర్శకుడి మనసులో నిర్లక్ష్యం ఉందా లేదా అని ఏళ్ళ తరబడి ఊహించాను. ఊహించక్కర్లేని నిర్లక్ష్యం, సాక్ష్యంతో సహా, నా బ్లాగులో ఉంది.

ఆ సినిమా ఏ ఓటీటీలోనూ లేదు. వెతగ్గా వెతగ్గా యూట్యూబులో మసకమసకగా ఒక ప్రింటు దొరికింది. ఆదివారం రాత్రి మా ఆవిడ పడుకున్నాక ఇంటర్వెల్ దగ్గర్నుంచి పెట్టుకుని చూశాను. ముందే చెప్పేస్తాను, సెకండాఫ్ మొదటి సగం కంటే అధ్వాన్నంగా ఉంది. బస్సు సీను రెండు నిమిషాలు కూడా ఉండదు. కొడుకు ఊరొదిలి పోతున్నాడు. తల్లి బస్సెక్కించడానికొచ్చి, కండక్టరు ఇచ్చిన చిల్లర కొడుకు చేతిలోంచి తీసుకుని లెక్కపెడుతుంది. ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెడుతుంది. బస్సు కదిలేదాకా ఇవ్వదు. డబ్బింగు కుదరలేదు. తల్లిగా వేసినావిడ ఒకచోట కెమెరా వైపు చూసేసింది. గొప్ప సీనేమీ కాదు. కానీ ఎవరినో చూసి రాసిన సీను.

సోమవారం ఆయన్ని కాంటీన్లో పట్టుకున్నాను.

“అన్నా, ఆ రోజు అబద్ధం చెప్పాను. సెకండాఫ్ నిన్ననే చూశాను.”

“గది నాకు ఎర్కనే,” అన్నాడు. “ఎట్లుంది?”

“సినిమా బాలేదన్నా.”

“మావోడు గూడ గదే అంటడు. సీనో?”

“ఆ చిల్లర రెండోసారి లెక్కపెట్టడం బాగుంది.”

“మా అమ్మ గట్లనే లెక్కవెడ్తది,” అని ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. తమ్ముడు ఇప్పుడేం చేస్తున్నాడని అడిగితే, కరీంనగర్ల మెడికల్ షాపు నడుపుతున్నాడని చెప్పాడు. ఇంకేమైనా రాస్తున్నాడా అని అడగబోయి ఊరుకున్నాను.

బ్లాగు తీసెయ్యలేదు. తీసేస్తే అదింకో అబద్ధం అవుతుందనిపించింది. పైన ఒక వాక్యం చేర్చాను: ఇది రాసేనాటికి నేను ఈ సినిమా సగమే చూశాను. కింద తేదీ వేశాను.